లెంజ్ ఆడిన ఆఖరి చలికాలం

మొన్న చలికాలంలో రోజీ ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. మేం క్రిస్మస్‌కి కార్డులు రాసుకునేవాళ్లమే తప్ప ఫోన్లలో మాట్లాడుకునే అలవాటు లేదు. "జానకీ, మా అన్న లెంజ్ పోయాడు. నిద్రలోనే పోయాడు. శుక్రవారం సమాధి చేస్తున్నాం. నువ్వు రాలేవులే, చెప్పాలనిపించి చేశాను," అంది. రాలేనని తను ఎందుకనుకుందో నాకు తెలుసు. నా మోకాళ్ల సంగతి కాదు తను తలుచుకున్నది. అందుకే వెళ్లాను. కొలోన్‌లో పొద్దున్నే రైలెక్కి, మ్యూనిక్‌లో మారి, ఆ కొండల కింది ఊళ్లో దిగాను. ఊరి పేరు రాయను. అక్కడ నా మీద కోపం ఉన్నవాళ్లూ, నాకు కోపం ఉన్నవాళ్లూ ఇంకా కొందరు బతికే ఉన్నారు.

శవపేటిక మీద ఐస్ హాకీ క్లబ్బు జెండా కప్పారు. క్లబ్బుకి ఇప్పుడు అధ్యక్షుడుగా ఉన్నాయన, లెంజ్ ఆడే రోజులకి పుట్టి కూడా ఉండడు, కాగితం చూడకుండా చక్కగా మాట్లాడాడు. "లోరెంజ్ వింట్లర్ ఈ ఊరి కోసం తన ఆరోగ్యాన్నే ఇచ్చేశాడు," అన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేను వంచలేదు. ఇచ్చాడట! ఒక మనిషి దగ్గర లాక్కున్నదాన్ని అతను ఇచ్చాడని చెప్పుకుంటే ఎంత అందంగా ఉంటుందో ఆ శుక్రవారం నా చెవులతో విన్నాను. కోటు కింద చీర కట్టుకున్న ఆ ముసలామె ఎవరో అక్కడ ఎవరికీ తెలియలేదు. రోజీ ఒక్కతే నా చెయ్యి పట్టుకుని నిలబడింది. తిరుగు రైల్లో కూర్చున్నాక అనిపించింది, ఇక ఇది రాయకుండా ఉండకూడదని. మా ఆయన బతికుండగా రాయలేకపోయాను. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు.

మేం ఆ ఊరికి వెళ్లింది అరవైల చివర. మా ఆయన గుంటూరులో వైద్యం చదివి, ఆ ఊరి ఆస్పత్రిలో సర్జరీ విభాగంలో అసిస్టెంట్ డాక్టరుగా చేరారు. నేను తెనాలి నుంచి, పెళ్లయిన ఏడాదికి, రెండు పెట్టెలతో వచ్చాను. పెళ్లయినవాళ్లకి ఆస్పత్రిలో వసతి లేదు. అందుకని వింట్లర్‌వాళ్ల ఇంట్లో మేడమీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. వంటిల్లు మాత్రం కింద, అందరికీ కలిపి ఒకటే. ఆ వంటింట్లోనే నేను జర్మన్ నేర్చుకున్నాను, చలి నేర్చుకున్నాను, మనుషులు ఎంత దగ్గరగా ఉండి ఎంత దూరంగా ఉండగలరో కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఇంటామె ఫ్రావ్ వింట్లర్. అప్పటికి యాభై దాటి ఉంటాయి, కానీ నా కళ్లకి ముసలావిడలాగే కనిపించేది. ఇంకా చీకటి ఉండగానే లేచి, వంటింటి మూలనున్న పచ్చ పింగాణీ పలకల పొయ్యిలో బూడిద తీసి, కట్టెలు పేర్చి అంటించేది. ఆ తర్వాత వీధి మెట్లు కడిగేది. మంచు పడుతున్నా కడిగేది. కడిగిన నీళ్లు గడ్డకట్టి మేమంతా జారుతున్నా కడిగేది. రొట్టె కొయ్యబోయే ముందు దాన్ని తిరగేసి కత్తి మొనతో అడుగున సిలువ గుర్తు గీసేది. తర్వాత గుండెకి ఆనించుకుని తన వైపు కోసుకునేది. కత్తి ఎక్కడ దిగబడుతుందోనని నేను మొదటి నెలంతా కళ్లు మూసుకునేదాన్ని. భర్త యుద్ధంలో రష్యా వెళ్లాడు, తిరిగి రాలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, తప్పిపోయాడని మాత్రమే చెప్పారు. భోజనాల బల్ల దగ్గర గోడవైపు కుర్చీ ఆయనది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నేను వచ్చిన కొత్తలో తెలియక కూర్చోబోతే రోజీ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

రోజీ ఆవిడ కూతురు, నా ఈడుది, రొట్టెల దుకాణంలో పనిచేసేది. లెంజ్ ఆవిడ కొడుకు, రోజీకి అన్న. ఊరంతటికీ లెంజ్ అంటే ఐస్ హాకీ, ఐస్ హాకీ అంటే లెంజ్. జర్మనీలో అన్నిటికంటే పైనున్న లీగ్‌లో ఆడే జట్టుకి అతను డిఫెండరు. పెద్ద నగరాల జట్లు ఆ చిన్న ఊరికొచ్చి దెబ్బలు తిని పోయేవని వాళ్లకి ఎంత గర్వమో! ఆటగాళ్లని ప్రొఫెషనల్స్ అని ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు. పైకి అందరూ ఉత్సాహం కొద్దీ ఆడేవాళ్లే. లెంజ్‌కి క్లబ్బు అధ్యక్షుడు హెర్ ఓస్టర్ బీరు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం ఉండేది. ఆ ఫ్యాక్టరీలో అతని బల్ల ఏ గదిలో ఉందో అతనికే సరిగా తెలియదు. జీతం బీరుది, పని మంచు మీద. సెప్టెంబరు చివర మొదలైతే వసంతం వచ్చేదాకా అతని ఒళ్లు అతనిది కాదు.

ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. శనివారాలు పంది ఎముకలు ఉడికే వాసన, నేలకి పూసే మైనం వాసన, వాటన్నిటినీ తొక్కేస్తూ లెంజ్ చేతి తొడుగుల వాసన. తడిసిన తోలూ చెమటా కలిసిన ఆ తొడుగులు పొయ్యి చుట్టూ ఉన్న బల్ల మీద రాత్రంతా ఆరుతూ ఉండేవి. పొద్దున మేడ దిగగానే నాకు వాంతి వచ్చినంత పనయ్యేది. ఫ్రావ్ వింట్లర్‌కి మాత్రం అది వాసనే కాదు. అదే ఆవిడ, నేను పప్పులో ఇంగువ తిరగమోత పెడితే చలికాలంలో కూడా కిటికీ బార్లా తెరిచేది. ఇంగువని వాళ్ల భాషలో దయ్యం పెంట అంటారని నాకు చెప్పింది లెంజే. చెప్పి, పెట్టుడు పళ్లు తీసి కిటికీ దగ్గరి కప్పులో వేసి, ముందు పళ్లు లేని నోటితో పకపకా నవ్వాడు. ఆ పళ్లు పక్ తగిలి, అంటే ఆటలో కొట్టే గట్టి రబ్బరు బిళ్ల తగిలి, పోయాయట. ఒకరోజు మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి రొట్టెకి రాసుకుని తిన్నాడు. కళ్లంట నీళ్లు కారుతుంటే ఇంకో ముక్కకి రాసుకున్నాడు. మనిషి అంత పొడుగు, అంత లావు, కానీ నాకు బొగ్గుల బకెట్టు మేడమీదికి మోసుకెళ్లే పని ఎప్పుడూ ఉండనివ్వలేదు. నేను బయల్దేరేలోపే పైన పెట్టేసి ఉండేవాడు.

మా ఆయన పైఅధికారిని ఆస్పత్రిలో అందరూ 'షెఫ్' అనేవాళ్లు. ఆయన పేరు మా ఇంట్లో కూడా షెఫే. ఆయన క్లబ్బుకి కూడా డాక్టరే. అయితే మ్యాచ్ జరిగేటప్పుడు ఆయన అధ్యక్షుడి పక్కన అద్దాల గదిలో వెచ్చగా కూర్చునేవారు. పైకప్పు లేని ఆ మైదానం అంచున, చలికి కాళ్లు తిమ్మిరెక్కేలా నిలబడే పని మా ఆయనకి అప్పజెప్పారు. మా ఆయన దాన్ని గౌరవంగానే తీసుకున్నారు. ఊళ్లో జనం ఆయన్ని "మా ఇండియన్ డాక్టరు" అనేవాళ్లు. మంచు కురుస్తుంటే ఆట ఆపి, ఆటగాళ్లే చీపుళ్లతో ఊడ్చుకుని మళ్లీ ఆడేవాళ్లు. జనం ఆవు గంటలు వాయిస్తూ అరిచేవాళ్లు. ఎవరి తల మీదా హెల్మెట్ ఉండేది కాదు. పెట్టుకున్నవాణ్ణి పిరికివాడనుకునే రోజులవి.

లెంజ్ ఆడిన ఆఖరి సీజన్లో, క్రిస్మస్ ముందు ఒక మ్యాచ్‌లో లెంజ్ తల చెక్క గోడకి కొట్టుకుంది. లేచి ఆడాడు. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాడు. మా ఆయన కళ్లల్లోకి లైటు వేసి చూసి, మర్నాడు షెఫ్‌తో, ఈ సీజన్‌కి ఇతనికి ఆట వద్దని చెప్పారు. షెఫ్ నవ్వి, "అది మా కొండల ఎద్దండీ, రెండు రోజులు పడుకుంటే లేస్తుంది," అన్నారట. జనవరిలో మళ్లీ దెబ్బ తగిలింది. ఆ తర్వాత లెంజ్ మారిపోయాడు. వంటింటి పక్క గదిలో కర్టెన్లు వేసుకుని పడుకునేవాడు. కళ్లకి వెలుతురు పడేది కాదు. గిన్నె కింద పెట్టిన చప్పుడుకి కూడా తల పట్టుకునేవాడు. రోజీని పట్టుకుని చనిపోయిన పిన్ని పేరుతో పిలిచాడు. పిలిచి, అందరి మొహాలూ చూసి, తనే నవ్వేశాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనూ అతనూ మాత్రమే ఉన్నాం. నేను బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. డాక్టరు భార్యని కాబట్టి నన్ను అతను 'ఫ్రావ్ డొక్టర్' అని పిలిచేవాడు. వచ్చి నా ఎదురుగా కూర్చుని అడిగాడు: "ఫ్రావ్ డొక్టర్, మీ దేశంలో మంచు పడుతుందా?"

"మా ఊళ్లో పడదు. ఉత్తరాన కొండల్లో పడుతుంది."

"అయితే అక్కడివాళ్లు ఐస్ హాకీ ఆడొచ్చు," అన్నాడు. దుంపల తొక్కలు వేలితో కదుపుతూ మళ్లీ అడిగాడు: "మీ దేశంలో మంచు పడుతుందా?"

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వుతూ అదే జవాబు చెప్పాను. అతనూ అదే మాట అన్నాడు, అవే అక్షరాలతో. మూడోసారి అడిగినప్పుడు నా చేతిలో కత్తి కింద పెట్టేశాను. అతని మొహంలో హాస్యం లేదు. మొదటిసారి అడుగుతున్నవాడి ఆసక్తి ఉంది.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. ఆయన కోటు కూడా విప్పకుండా కిందికి వెళ్లి లెంజ్‌ని చూసి వచ్చారు. మంచం మీద కూర్చుని చాలాసేపు బూట్లవైపే చూశారు.

"లోపల రక్తం కారుతూ ఉండొచ్చు, జానకీ. మెల్లగా. ఇంకో చిన్న దెబ్బ తగిలితే చాలు."

"అయితే మ్యూనిక్ పంపించండి."

"షెఫ్ పంపించాలి. రేపు మళ్లీ చెబుతాను."

చెప్పారు. మర్నాడు ఇంటికి వచ్చినప్పుడు ఆయన మొహం చూస్తేనే అర్థమైంది. జట్టు అడుగున ఉంది. ఆఖరి మ్యాచ్ ఓడిపోతే కింది లీగ్‌కి దిగిపోతుంది. ఇంకో ఇద్దరు డిఫెండర్లకి కాళ్లు విరిగాయి. షెఫ్ అంతా విని, "డాక్టర్, మీ కాంట్రాక్టు వసంతంలో అయిపోతుంది కదా?" అని మాత్రం అన్నారట.

"అంటే బెదిరించాడా?" అన్నాను.

"బెదిరించలేదు. అడిగాడు."

"మీరేమన్నారు?"

"అవునన్నాను. ఇంకేమంటాను? కాంట్రాక్టు లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే ఆఫెంట్‌హాల్ట్ పర్మిట్ పొడిగించరు. నువ్వీ పరిస్థితిలో ఉన్నావు. పెట్టెలు సర్దుకుని ఎక్కడికి పోతాం?" అప్పటికి నాకు నెల తప్పింది.

"పోనీ వాళ్లమ్మతో చెప్పండి. లెంజ్‌తోనే చెప్పండి. మీకు తెలిసింది చెప్పడానికి కూడా పర్మిషన్ కావాలా అండీ?"

"షెఫ్ ఆడొచ్చన్న మనిషిని నేను వద్దంటే రేపు ఆస్పత్రిలో నన్ను ఎవరు నిలబడనిస్తారు? నువ్వూరుకో జానకీ. నీకు తెలియదు."

నాకు తెలియనిది ఏమీ లేదు. ఆయనకి తెలిసినంత వైద్యం నాకు తెలియకపోవచ్చు. కానీ ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగిన మనిషి కళ్లు చూసినదాన్ని నేను.

మ్యాచ్ ముందురోజు హెర్ ఓస్టర్ ఇంటికొచ్చాడు. అధ్యక్షుడు వింట్లర్‌వాళ్ల గుమ్మం తొక్కాడని వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. పొగబెట్టిన పంది తొడ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. టోపీ తీసి, ఎవరినీ అడగకుండా, గోడవైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను ఫ్రావ్ వింట్లర్ వైపు చూశాను. ఆవిడ వెళ్లి మంచి కప్పులు దించింది.

ఓస్టర్ లెంజ్ మెడ మీద చెయ్యి వేసి, పశువుని తట్టినట్టు తట్టాడు. "ఒక్క మ్యాచ్, కుర్రాడా. ఒక్కటే. తర్వాత వేసవంతా పడుకో. నువ్వు లేకుండా మేం మంచు మీదికి దిగితే పిల్లలు కూడా ఉమ్మేస్తారు మామీద."

"నేను బాగానే ఉన్నాను," అన్నాడు లెంజ్.

"షెఫ్ గారు కూడా అదే అన్నారు." అప్పుడు ఓస్టర్ తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ మా ఆయన్ని చూశాడు. "హెర్ డొక్టర్ ఇక్కడే ఉన్నారుగా. మీరేమంటారు?"

ఆ వంటింట్లో ఆ క్షణాన, రోజీతో కలిపి, ఉన్నవాళ్లం ఆరుగురం. కాఫీ పోస్తున్న ఫ్రావ్ వింట్లర్ చెయ్యి గాలిలో ఆగింది. మా ఆయన నావైపు చూశారు. నేను కళ్లతో బతిమాలాను. తర్వాత ఆయన నేలవైపు చూశారు.

"షెఫ్ గారు చెప్పాక నేను చెప్పేదేముంది," అన్నారు. "నాకు అభ్యంతరం లేదు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. ఇక నేను ఆగలేకపోయాను. "వద్దు!" అన్నాను. నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో, వ్యాకరణం సగం మింగేస్తూ, "ఇతను నన్ను మంచు గురించి అడిగాడు. మూడుసార్లు. ఒకే ప్రశ్న. అతనికి గుర్తు లేదు. ఆడితే చచ్చిపోతాడు," అన్నాను.

ఓస్టర్ నవ్వాడు. "అందమైన ఆడవాళ్లని నేనూ ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతాను, ఫ్రావ్ డొక్టర్."

లెంజ్ నవ్వలేదు. అతని మెడ ఎర్రబడింది. లేచి నిలబడి, నా వైపు ఎన్నడూ చూడని చూపు చూశాడు. "మా అమ్మ వంటింట్లో నా గురించి మాట్లాడమని నిన్నెవరడిగారు? నువ్వు ఇక్కడ అద్దెకున్నదానివి," అన్నాడు. ఎప్పుడూ 'మీరు' అనేవాడు. ఆ రోజు 'నువ్వు' అన్నాడు. నేను మేడమీదికి వెళ్లిపోయాను. మా ఆయన నా వెనక రాలేదు. కింద కప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది.

మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. వెళ్లకూడదనుకున్నాను. రోజీ వచ్చి, "నాకు ఒక్కదానికి భయంగా ఉంది, రా," అంటే వెళ్లాను. చిన్నగా మంచు కురుస్తోంది. లెంజ్ అద్భుతంగా ఆడాడు. అది కూడా చెప్పాలి. ఎవరూ అతన్ని దాటి వెళ్లలేకపోయారు. రెండో గోల్‌కి పక్ అందించింది అతనే. పక్కన పెద్దాయనొకడు ఏడుస్తున్నాడు సంతోషంతో. రోజీ నా వేళ్లు నలిపేస్తోంది. నేనే తప్పు చెప్పానేమో, మంచికే అయ్యిందేమో అని నాకూ ఒక ఆశ పుట్టింది.

ఆట మూడో భాగంలో ఒక ఆటగాడు వెళ్తూ వెళ్తూ అతని భుజానికి తగిలాడు. పెద్ద దెబ్బేమీ కాదు. రిఫరీ విజిల్ కూడా వెయ్యలేదు. లెంజ్ కిందపడలేదు కూడా. కాసేపు నిలబడి, తర్వాత నెమ్మదిగా స్కేటింగ్ చేసుకుంటూ వెళ్లి, అవతలి జట్టు బెంచీ మీద, వాళ్ల మధ్యలో కూర్చున్నాడు.

జనం నవ్వారు. మైదానమంతా నవ్వింది. గెలుస్తున్న ఆటలో వేళాకోళం చేస్తున్నాడనుకున్నారు. ఆవు గంటలు మోగించారు. "లెంజ్! లెంజ్!" అని అరిచారు. అవతలి జట్టువాళ్లు కూడా అతని వీపు తట్టి నవ్వారు. అతను వాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే మర్యాదగా చూశాడు, కొత్తచోట చుట్టాలని చూసినట్టు. నా పక్కన రోజీ నవ్వలేదు. "అమ్మా," అంది చాలా చిన్న గొంతుతో.

అప్పుడు ముందుకి ఒరిగి పడిపోయాడు. మా ఆయన వీధి బూట్లతోనే మంచు మీద పరిగెత్తారు. జారి పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు. దానికి కూడా కొందరు నవ్వారు. లెంజ్ దగ్గరికి చేరి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యెత్తి అరిచేదాకా నవ్వు ఆగలేదు.

మ్యూనిక్‌లో పుర్రె తెరిచి రక్తం తీశారు. బతికాడు. మాట పోయింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. జట్టు మాత్రం పై లీగ్‌లోనే నిలబడింది. ఆట ఆపలేదు కదా. లెంజ్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లాక మంచు ఊడ్చి మిగిలింది ఆడారు. సాయంత్రం ఊరి మధ్యలో ఓస్టర్ ఉచితంగా బీరు పోయించాడు. ఆ పాటలు మా కిటికీ దాకా వినిపించాయి. ఫ్రావ్ వింట్లర్ ఆస్పత్రి నుంచి ఇంకా రాలేదు. చేతి తొడుగులు లేని పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే కూర్చున్నాను.

తర్వాత ఊరి పేపర్లో షెఫ్ మాట వచ్చింది. ఆటగాణ్ణి దగ్గరుండి చూసుకున్నది తన అసిస్టెంటేననీ, మ్యాచ్ ముందురోజు కూడా ఆయన ఏ అభ్యంతరమూ చెప్పలేదనీ. అబద్ధమని ఎలా అంటాం? వంటింట్లో అందరం విన్నాం. రోజీ పనిచేసే దుకాణంలో నాకు రొట్టె అమ్మే ఆవిడ చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. "మా ఇండియన్ డాక్టరు"లో 'మా' పోయింది. వసంతంలో కాంట్రాక్టు పొడిగించలేదు. అంటే మా ఆయన నోరు మూసుకుని దేన్నయితే కాపాడుకుందామనుకున్నారో అది కూడా దక్కలేదు. కొలోన్‌లో ఒక ఆస్పత్రికి డాక్టర్లు కావలసి వచ్చి తీసుకోబట్టి ఈ దేశంలో మిగిలాం.

ఇల్లు ఖాళీ చేసే రోజు ఫ్రావ్ వింట్లర్ మేడమీదికి వచ్చింది. నేను గిన్నెలకి పేపర్లు చుడుతున్నాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి అంది: "నువ్వు ఒక్కసారే చెప్పావు."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు. వద్దని. ఒక్కసారి చెప్పి మేడెక్కిపోయావు. నీ అన్నే అయితే గుమ్మానికి అడ్డంగా పడుకునేదానివి."

నోరు విప్పిన ఒకే ఒక్క మనిషిని నేను. నిందా నాకే వచ్చింది. చెప్పనివాళ్లనెవరినీ ఆవిడ ఏమీ అనలేదు. ఓస్టర్ పంపిన పూలగుత్తి కింద వంటింట్లో మంచి జాడీలోనే పెట్టింది.

కొలోన్‌లో మా జీవితం బాగానే సాగింది. కూతురు పుట్టింది. మా ఆయన మంచి సర్జన్ అని పేరు తెచ్చుకున్నారు. అది నిజమే, చేతిలో ఓపిక ఉండేది. తర్వాత తర్వాత మన తెలుగువాళ్లు చాలామంది వచ్చారు. ఉగాదికి హాలు తీసుకునేవాళ్లం. ఆ పెద్దమనుషుల్లో ఆయన ముందు వరసలో కూర్చునేవారు. కానీ చలికాలపు ఆటలు టీవీలో వస్తే లేచి గదిలోకి వెళ్లిపోయేవారు. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ ప్రతి విషయంలోనూ అది మా మధ్య ఉండేది. ఆయన దేనికైనా "నువ్వూరుకో జానకీ" అంటే, నా ముందు ఆ వంటిల్లు వచ్చి నిలబడేది. మంచి మనిషితోనే కాపురం చేశాను. ఆయన్ని క్షమించకుండానే చేశాను.

ఈమధ్య మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు మనవడు ఐస్ హాకీ ఆడటం చూశాను. మొహానికి జల్లెడ, తలకి హెల్మెట్, ఒంటినిండా మెత్తలు. ఒకసారి పడి తల పట్టుకున్నాడంతే, కోచ్ అమ్మాయి వెంటనే బయటికి పిలిచి కూర్చోబెట్టింది. డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, అయ్యి, ఆయన సరే అనేదాకా ఆట లేదంది. వాడు మూతి ముడుచుకుని నాతో జర్మన్‌లో, "అమ్మమ్మా, అది రూలు, ఏం చెయ్యలేం," అన్నాడు. మా అమ్మాయి కారు తీస్తూ, "ఇప్పుడు వీళ్లకి అన్నీ తెలుసమ్మా, అప్పట్లో ఎవరికీ తెలియదు కదా," అంది. అప్పుడూ తెలుసు. షెఫ్‌కి తెలుసు, మా ఆయనకి తెలుసు. తెలియక జరిగిందని చెప్పుకోవడం ఈ కాలం వాళ్లు ఆ కాలం వాళ్లకి ఇచ్చే మర్యాద. రూలు వచ్చింది జ్ఞానం పెరిగి కాదు. తెలిసినవాళ్లు నోరు విప్పరని తేలిపోయి వచ్చింది.

ఇంకొక్కటి చెప్పాలి. మా ఆయన గుండెకి ఆపరేషన్ అయ్యాక, ఒకరోజు ఉన్నట్టుండి, "లెంజ్‌ని చూసొద్దాం," అన్నారు. అంత కాలంలో ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. కారులో వెళ్లాం. ఫ్రావ్ వింట్లర్ పోయి చాలా ఏళ్లయింది. పెళ్లి చేసుకోకుండా రోజీయే అన్నని చూసుకుంటోంది. లెంజ్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఆ పెద్ద ఒళ్లు సగానికి తగ్గిపోయింది. ఏది అడిగినా అవునన్నట్టు "యా, యా," అనేవాడు. అతనికి మిగిలిన మాట అదొక్కటే.

మా ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, పడిపోయిన ఆ కుడిచెయ్యి తీసుకున్నారు. అలవాటు కొద్దీ నాడి చూశారు. తర్వాత తల వంచి, తెలుగులో అన్నారు: "నన్ను క్షమించు బాబూ. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు నాకు. భయపడ్డాను."

"యా, యా," అన్నాడు లెంజ్.

"జర్మన్‌లో చెప్పండి," అన్నాను నేను. "రోజీ వినాలి."

ఆయన తల ఎత్తలేదు.

"ఏమంటున్నారు?" అని రోజీ నన్ను అడిగింది. ఒక్క మాట కూడా మార్చకుండా నేను జర్మన్‌లో చెప్పాను. భయపడ్డాను అన్నదానితో సహా చెప్పాను. రోజీ ఆయన వైపు చూడలేదు. లేచి వెళ్లి కాఫీకి నీళ్లు పెట్టి, వీపు మావైపు ఉంచే అంది: "మాకు తెలుసు. మా అమ్మకి ఆ రోజే తెలుసు. కాఫీ పోస్తూ డాక్టరు గారి మొహం చూసింది. చూసి కూడా మర్నాడు వాడి బూట్ల తాళ్లు తనే కట్టింది. చచ్చిపోయేదాకా ఆ మాటే చెప్పుకుని ఏడ్చింది."

మేం కాఫీ తాగాం. లెంజ్‌కి రోజీ చెంచాతో పట్టింది.

తిరుగు దారిలో కొండలు వెనకబడ్డాక మా ఆయన స్టీరింగ్ మీద చేతులు సడలించి, పెద్దగా ఊపిరి వదిలారు. "మనసు తేలికపడింది, జానకీ," అన్నారు.

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన మాత్రం దారిలో రెండుసార్లు ఏదో పాత పాట కూనిరాగం తీశారు.